నూట ఇరవై లీటర్ల సముద్రం

మా ఇంట్లో ఒక సముద్రం ఉన్నదని ప్రభుత్వం నాకు లిఖితపూర్వకంగా తెలియజేసిన తేదీ మార్చి పదకొండు. అంతవరకూ నేను దాన్ని గాజుతొట్టి అనే అనుకుంటూ వచ్చాను. ముప్పయ్యారేళ్లు రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏ వస్తువునైనా దాని సరైన పేరుతో పిలవాలన్న పట్టింపు నాకుంది. అందుచేత నోటీసు రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, తొట్టి వంక మరోసారి చూశాను. మూడడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల లోతు. రాళ్లు పోను నూట ఇరవై లీటర్ల ఉప్పునీరు. టీవీ ఉండవలసిన చోట ఉంది. ఎంత చూసినా సముద్రం అనిపించలేదు.

"ఏం రాశారండీ?" అని మా ఆవిడ మంగతాయారు వంటింట్లోంచి అడిగింది.

"మనది సముద్రమట."

"నేను మొదట్నుంచీ అదే అంటున్నా గదా," అంది ఆవిడ.

ఆవిడ అలా అనడానికి కారణం ఉంది. మేమున్నది విశాఖపట్నంలో, సముద్రానికి కిలోమీటరు దూరంలో, లిఫ్టు లేని భవనం మూడో అంతస్తులో. మంగతాయారు ముప్పయ్యేళ్లపాటు రోజూ సాయంత్రం బీచికి నడిచివెళ్లి, ఇసుకలో కూర్చుని, చీకటి పడేవేళకు తిరిగి వచ్చేది. అక్కడ ఏం చేస్తావని నేనెప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. తరువాత మోకాళ్లు అరిగాయి. మెట్లు దిగడమే గగనమైంది. ఇసుకలో నడక అసలు కుదరదన్నాడు డాక్టరు. "సముద్రాన్ని చూసి ఏడాదైంది," అని ఒకరోజు కూర తరుగుతూ మామూలుగా అంది. నేను భావుకుణ్ణి కాను. సమస్య నాకు అర్థమైంది, పరిష్కారం వెతికాను.

ఇంట్లో సముద్రజీవుల్ని పెంచడం, మొదట్లో, ఏమీ పెంచకపోవడంతో సమానం. తొలి ఆరు వారాలు తొట్టిలో ఉప్పునీరు, రంధ్రాల రాళ్లు తప్ప మరేమీ ఉండవు. చేపల మలినాన్ని అమ్మోనియా నుంచి నైట్రైట్‌గా, నైట్రైట్ నుంచి నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఆ రాళ్లలో స్థిరపడేదాకా ఆగాలి. చూడవచ్చిన బంధువులు ఇదేమిటని అడిగితే, "బాక్టీరియా కోసం ఎదురుచూస్తున్నాం," అని నిజం చెప్పేవాణ్ణి. వాళ్లు రావడం తగ్గించారు. ఆ తరువాత తెల్లచారల నారింజరంగు చేపలు రెండు, నాచు తినే నత్తలు నాలుగు, చివరగా బొటనవేలి గోరంత పగడపు ముక్క ఒకటి వచ్చాయి. ఆ ముక్క చట్టం నిషేధించిన జాతిది కాదు; పెంపకందారు తన తొట్టిలోని తల్లి పగడం నుంచి కోసి అంటుకట్టి ఇచ్చినది. రసీదు నా దగ్గర ఉంది. మెత్తని జాతి. నాలుగేళ్లలో అరచేయంత పెరిగి, గొడుగులా విచ్చుకుని, పైన వందలాది సన్నని కాడలు పంపు నీటికి ఊగుతూ ఉండేది. మంగతాయారు దాన్ని "మన గొడుగు" అనేది. సాయంత్రం అయిదున్నరకు దాని ముందు కుర్చీ వేసుకుని, చీకటి పడేవేళకు లేచేది.

ఇక నోటీసు ఎలా వచ్చిందంటే, నేను ఒక ఫారం నింపడం వల్ల వచ్చింది.

రాష్ట్రంలో లవణజల వనరుల ప్రాధికార సంస్థ అని ఒకటి కొత్తగా ఏర్పడింది. ఏర్పడినందుకు గుర్తుగా అది 'మన ఉప్పునీరు – మన బాధ్యత' అనే పక్షోత్సవం జరిపి, నగరంలో ప్రతి ఇంటికీ పద్నాలుగు ప్రశ్నల ఫారం పంచింది. మా భవనంలో ఇరవై ఇళ్లు. పంతొమ్మిది ఇళ్లవారు ఆ కాగితం మీద బజ్జీలు పెట్టుకున్నారు. నేను పెన్ను తీశాను.

"మీకెందుకొచ్చిన గొడవండీ, లేదని రాసి పడేయండి," అంది మంగతాయారు.

"ఉన్నదాన్ని లేదని ఎలా రాస్తాను?"

మీ ఆవరణలో ఉప్పునీటి వనరు ఉన్నదా? ఉన్నది. సదరు వనరునందు కెరటములు కలవా? పంపు ఉంది, కలవు. సదరు వనరునందు జలచరములు కలవా? కలవు. పగడపు దిబ్బ కలదా? కలదు. లోతు మీటర్లలో? 0.4. క్రింద, పై వివరములన్నియు సత్యమని ధ్రువీకరించుచు, సంతకం.

సంతకం విషయంలో నాకొక నియమం ఉంది. నేను నమ్మని వాక్యం కింద ఇంతవరకు సంతకం చేయలేదు. కళాశాలలో కొత్త ప్రయోగశాలను ఫలానా ముహూర్తాన ప్రారంభిస్తున్నామన్న ఆహ్వానపత్రిక మీద సంతకం చేయనందుకు నా పదోన్నతి ఏడేళ్లు ఆగింది. అందుకు నేనెన్నడూ చింతించలేదు.

సందర్భం వచ్చింది గనుక నా బిందె ఉపన్యాసం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం పొంగుతుంది; మనిషి ఒంట్లో ముప్పాతిక వంతు నీరే; కాబట్టి ఆ రోజుల్లో ఒంట్లో నీరూ పొంగుతుంది, మతి చలిస్తుంది, ప్రయాణాలు చెడతాయి – ఈ వాదన విననివాళ్లు మన దగ్గర ఉండరు. దీనికి జవాబుగా నేనొక ఇత్తడి బిందెను అంచుదాకా నింపి, అమావాస్యనాడు సభ మధ్యలో పెట్టి, గంటసేపు మాట్లాడేవాణ్ణి. చంద్రుడి వల్ల ఈ బిందెలోంచి ఒక్క చుక్క ఒలికిందా, నా మీసం తీయించుకుంటానని పందెం కాసేవాణ్ణి. రెండువందల పన్నెండు సభల్లో ఒక్క చుక్క ఒలకలేదు. మీసం అలాగే ఉండేది.

ఇక నోటీసు. నా జవాబులను పరిశీలించిన మీదట, కెరటములు, జలచరములు, పగడపు దిబ్బ అనే మూడు లక్షణములూ ఏకకాలమున కలిగియున్నందున, సదరు వనరును 'సూక్ష్మ సముద్రము, మూడవ తరగతి'గా నిర్ధారించడమైనది. ఇకమీదట ప్రాధికార సంస్థ అనుమతి లేనిదే ఏ వ్యక్తియు సదరు సముద్రమునుండి నీటిని తీయుట గాని, సదరు సముద్రమున నీటిని పోయుట గాని చేయరాదు.

మూడు రోజుల తరువాత తలుపు తట్టిన చప్పుడైంది. ఖాకీ సంచీ, కొలత టేపుతో నడివయస్కుడు ఒకరు నిలబడి ఉన్నారు.

"దండాలండి మాస్టారు. గొర్లె అప్పలసూరినండి, తీరం ఇన్‌స్పెక్టర్ని. మీ సముద్రం ఏ గదిలో ఉందండీ?"

చూపించాను. ఆయన చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, తొట్టి ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మా ఊరు భీమిలి అవతలండి. మా తాత, అయ్యా అందరూ ఏటకెళ్లినోళ్లే. ఇంత నెమ్మదైన సముద్రాన్ని మా వంశంలో ఎవులూ సూసుండరు," అన్నాడు. తరువాత టేపు తీశాడు. "పోటు గీత కాణ్ణించి యాభై మీటర్లు కొలవాలండి. అదంతా తీరం కిందికొస్తాది."

యాభై మీటర్లు కొలిస్తే మా హాలు, వంటిల్లు, పక్కవాటాలో అసోసియేషన్ కార్యదర్శి పొట్నూరి జగ్గారావుగారి పడకగది, మెట్లు, కింద సైకిళ్ల షెడ్డు, రోడ్డవతల పాలబూతు, ఒక కల్యాణమండపంలో సగం వచ్చాయి. వీటిలో ఇకమీదట కొత్త నిర్మాణమేదీ చేయరాదు. మా బాల్కనీలో ఆరబెట్టిన గుమ్మడి వడియాలను చూసి అప్పలసూరి కాస్త ఇబ్బంది పడ్డాడు. తీరంలో ఆరబెట్టేవాటికి ఆయన ఫారంలో ఒకటే గడి ఉంది, ఎండుచేపలు. చివరికి 'ఎండుచేపలు (శాకాహారం)' అని రాసుకుని, మంగతాయారు ఇచ్చిన కాఫీ తాగి వెళ్లాడు.

ఆ సాయంత్రమే జగ్గారావుగారు దండయాత్రకు వచ్చారు.

"ఏంటి గురువుగారూ ఇది! నా బెడ్రూం సముద్రతీరం అంటున్నారు! అల్మైరా చేయిద్దామనుకుంటే ఇప్పుడు ఎవరి పర్మిషన్ తేవాలి? మీరొక్కరూ ఆ ఫారం చింపేస్తే మీ సొమ్మేం పోయింది?"

"అబద్ధం రాయలేను జగ్గారావుగారూ."

"అబద్ధం రాయమన్నానా? అసలు రాయొద్దన్నాను!"

తలుపు విసురుగా వేసి వెళ్లిపోయారు. మర్నాడు ఆయన తన ఖాళీవాటాకు ఇచ్చిన ప్రకటనలో 'ప్రభుత్వ గుర్తింపు పొందిన సముద్రతీర నివాసం' అని ఉండటం చూశాను. వారం తిరగకుండా అద్దెకు మనుషులు దిగారు. ఆ తరువాత అల్మైరా ప్రస్తావన రాలేదు.

ఇవన్నీ నాకు వినోదంగానే ఉండేవి, నీళ్ల సంగతి లేకపోతే. తొట్టిలో నైట్రేట్ ఎటూ పోదు, పేరుకుంటుంది. పక్షానికొకసారి పన్నెండు లీటర్లు తీసి, అంతే ఉప్పదనం, అంతే వేడి ఉన్న కొత్త ఉప్పునీరు పోయకపోతే పగడం బతకదు. నేను పరీక్షగొట్టాంలో చుక్కలు వేసి చూశాను. నోటీసు వచ్చేనాటికి ఐదు ఉన్న అంకె, నెల తిరిగేసరికి ఇరవై అయింది. గొడుగు మీది కాడలు మధ్యాహ్నానికే లోపలికి ముడుచుకోసాగాయి.

నేను ప్రాధికార సంస్థ ఉపసంచాలకుల దర్శనానికి వెళ్లాను. ఆయన పేరు దివాకర సదానందం. గోడమీద రాష్ట్ర పటం ఉంది. తీరం పొడవునా నీలిరంగు, నగరం మధ్యలో నీలిచుక్క ఒకటి. అది మా హాలు.

"రండి, రండి. ఈ త్రైమాసికమున మన రాష్ట్ర తీరరేఖ రెండు మీటర్ల యాభైతొమ్మిది సెంటీమీటర్ల మేరకు వృద్ధి చెందినది. అది తమ సహకార ఫలితమే," అన్నారు.

"అది మా తొట్టి చుట్టుకొలత."

"తీరరేఖ," అని ఆయన సవరించారు.

నేను అమ్మోనియా నుంచి మొదలుపెట్టి నైట్రేట్ దాకా వివరించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"అనగా సముద్రమున మలినము పేరుకొనుచున్నదని తమ ఆరోపణ. సముద్రమునకు స్వీయశుద్ధి సామర్థ్యము కలదని మా విధానపత్రము మూడవ పేరా."

"అది పెద్ద సముద్రానికండీ."

"చిన్నది, పెద్దది అను వివక్ష ఈ సంస్థకు లేదు," అన్నారు ఆయన, కొంచెం నొచ్చుకుని. "పైగా సముద్రములో నీరు పోయవలసిన అగత్యము మానవచరిత్రలో ఎవ్వరికీ కలిగినట్లు దాఖలాలు లేవు."

"పోనీ, రోజూ లీటరున్నర ఆవిరైపోతుంది. ఆ మేరకు మంచినీళ్లు చేర్చకపోతే ఉప్పదనం పెరిగి అన్నీ చస్తాయి. దానికైనా అనుమతి ఇవ్వండి."

ఆయన ఒక పుస్తకం తిరగేశారు. "ఆవిరి సహజప్రక్రియ. తత్ప్రతిగా వర్షము కూడా సహజప్రక్రియ. వర్షమునకు సంస్థ అభ్యంతరము తెలుపజాలదు. అయితే అది పైనుంచి పడవలెను. చినుకుల రూపమున ఉండవలెను."

మర్నాటి నుంచి ఉదయం ఏడుగంటలకు మంగతాయారు మొక్కలకు నీళ్లు చల్లే చిల్లుల డబ్బాతో సముద్రం మీద వర్షం కురిపించేది. అప్పలసూరి వారానికోసారి వచ్చి నమోదు చేసుకునేవాడు. లీటరున్నరను తొట్టి వైశాల్యంతో భాగిస్తే రోజుకు నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ ఎండల్లో జిల్లాలో అంత క్రమం తప్పని వాన మరెక్కడా పడలేదని, మా తీరప్రాంతాన్ని కరువు జాబితాలోంచి తొలగించామని ఏప్రిల్‌లో ఒక లేఖ వచ్చింది. మేము ఆ జాబితాలో ఉన్నామని అప్పటివరకు మాకు తెలియదు.

అదే నెల మధ్యలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలపాటు మరపడవలేవీ సముద్రంలోకి వెళ్లకూడదు. తొట్టి గాజుకు పట్టిన నాచును గీకడానికి అయస్కాంతపు బిళ్ల ఒకటి ఉంటుంది. లోపల ఒక ముక్క, బయట ఒక ముక్క. బయటిది కదిపితే లోపలిది తనంతట కదులుతుంది. అప్పలసూరి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు బాధపడ్డాడు.

"ఇది తెడ్డు లేకుండా నీటిలో పోతాదండి. మరపడవ కిందే రాయాలండి మాస్టారు. ఏటి సేస్తాం!" అని దానికి లక్కసీలు వేశాడు.

మే మొదటివారానికి గాజు నాచుతో మసకబారింది. నత్తలు నాలుగూ రేయింబవళ్లు పనిచేశాయి. అవి సంస్థ పరిధిలోకి రావు. నైట్రేట్ అరవై దాటింది. గొడుగు పూర్తిగా ముడుచుకుని, పైన మైనంలాంటి పొర కట్టి, కాడలు ఒక్కటీ బయటికి రాకుండా, ఎండిన పుట్టగొడుగులా పక్కకు వాలింది. మంగతాయారు మాత్రం అయిదున్నరకు కుర్చీ వేసుకుని కూర్చునేది. మసక గాజులోకి చూసేది.

దొంగచాటుగా నీళ్లు మార్చవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. అడ్డుకున్నది నా నియమం కాదు. నోటీసు వచ్చిన వారంలోనే సంస్థ తొట్టికి నాలుగువైపులా గీత గీసి, నీటిమట్టం చూసే యంత్రం బిగించింది. మట్టం అరంగుళం దిగితే సదానందంగారి బల్లమీద గంట మోగుతుంది. అది ఒకసారి మోగింది కూడా, మా పెద్దచేప గంతువేసినప్పుడు. ఇద్దరు జవాన్లు వచ్చి వెళ్లారు. మరోసారి మోగితే సముద్రాన్ని స్వాధీనం చేసుకుంటామని చెప్పి వెళ్లారు.

దారి చూపించినవాడు అప్పలసూరి. ఆ వారం వర్షపాతం రాసుకోవడానికి వచ్చి, ముడుచుకున్న గొడుగు వంకా మా ఆవిడ వంకా చూసి, కాఫీ గ్లాసు కిందపెట్టేశాడు.

"అమ్మా, ఏటైపోయిందమ్మా ఇది?"

"చచ్చిపోతోంది నాయనా."

ఆయన తల గోక్కున్నాడు. "ఒక మాటండి మాస్టారు. సముద్రమన్నాక నీరు ఎనక్కెల్లాలి, మళ్లీ రావాలి గదండి. వారంవారం సూస్తన్నాను, మన సముద్రానికి ఆటుపోటు లేదేటండీ?"

"లేదు."

"అదేటండీ! తొమ్మిదో రూలుంది గదా. ఆటుపోటుకి పర్మిషన్ అక్కర్లేదండి. నీరు తీయడవూ కాదు, పొయ్యడవూ కాదు. దానంతటది ఎల్తాది, దానంతటది వస్తాది. అమాసకొకటి, పున్నానికొకటి పెద్ద పోట్లు ఎయ్యించుకోండి. రెండు బకెట్లు సాల్దేటి?"

నా జీవితంలో నేను విన్న అత్యంత తార్కికమైన మాటల్లో అదొకటి. పక్షానికి పన్నెండు లీటర్లు, అమావాస్య, పౌర్ణమి. అంకెలు కూడా సరిపోయాయి. మర్నాడే సదానందంగారి వద్దకు వెళ్లాను. ఆయన నా ప్రతిపాదన విని, మొట్టమొదటిసారి కుర్చీలోంచి లేచారు.

"ఇన్నాళ్లు ఆటుపోట్లు లేని సముద్రమును నడుపుచున్నారా? ఇది తీవ్రమైన లోపము! వెంటనే దరఖాస్తు చేయండి," అని ఫారం ఇచ్చారు.

చదివాను. 'మా సముద్రమునందలి నీటిమట్టము ప్రతి అమావాస్య, పౌర్ణమి తిథులయందు పన్నెండు లీటర్ల మేరకు తగ్గి, తిరిగి పెరుగునని ధ్రువీకరించుచున్నాను. కారణము: చంద్రాకర్షణ.' అంకె ఆయన చేత్తో నింపారు; ఆఖరి మాట అచ్చువేసి ఉంది.

"ఈ చంద్రాకర్షణ కొట్టేసి బకెట్ అని రాయవచ్చా?" అని అడిగాను.

"బకెట్ వలన కలుగునది ఆటుపోటు అనిపించుకొనదు. అది అక్రమ తరలింపు."

"ఇతర కారణాలు అని రాస్తే?"

"చంద్రుడు కాక ఇతర కారణముచే నీరు కదలినచో అది సునామీ. తాము విపత్తుల శాఖను సంప్రదించవలసియుండును."

ఫారం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. మూడు రోజులు అది బల్లమీద ఉంది. లెక్క వేశాను. మా తొట్టిలో చంద్రుడి ఆకర్షణకు నీరు అస్సలు కదలదనడం కూడా తప్పే. ఒక అంచుకూ రెండో అంచుకూ మధ్య తేడా వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. అంటే ఆ వాక్యంలో నిజం పాలు వెంట్రుక మందంలో వెయ్యో వంతు. మిగతా పన్నెండు లీటర్లూ అబద్ధం. ఏ వాక్యాన్ని ఖండించడానికి బిందె మోసుకుని రెండువందల పన్నెండు చోట్లకు వెళ్లానో, అక్షరాలా ఆ వాక్యం. కింద చుక్కల గీత. దాని మీద నా పేరు రావాలి.

మూడోరోజు సాయంత్రం మంగతాయారు కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"ఏమండీ, మీరు సంతకం పెట్టకపోతే చంద్రుడికేం పోదు. మీకూ ఏం పోదు. ఇంకా పేరొస్తుంది. పోయేది అదొక్కటే."

"దానికి మెదడు కూడా లేదు మంగా. పోతున్నట్టు దానికి తెలియదు."

"అందుకే కదండీ, మనం ఆలోచించాల్సింది," అంది ఆవిడ, మళ్లీ తొట్టివైపు తిరుగుతూ.

నేను పెన్ను తీశాను. తేదీ వేసి, తొందరలో చేశానని ఎవరూ అనుకోకుండా, పొడి అక్షరాల్లో కాక పూర్తి పేరు రాశాను.

మర్నాడు ఉదయం మంగలిషాపుకు వెళ్లి మీసం తీసేయమన్నాను. యాభై ఏళ్ల మీసం. మంగలి సూరిబాబు కత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"ఎవరు పోయారు మాస్టారూ?"

"ఎవరూ పోలేదు. ఒకటి పోకుండా ఉంటుందని తీయిస్తున్నాను."

మే నెల అమావాస్య సాయంత్రం నాలుగు గంటలకు మా ఇంట్లో తొలి ఆటుపోటు జరిగింది. సదానందంగారు స్వయంగా విచ్చేశారు. ముందురోజే ఉప్పు కలిపి, చిన్న పంపుతో రాత్రంతా తిప్పి, వేడి చూసి సిద్ధం చేసిన బకెట్ ఒకటి, ఖాళీ బకెట్ ఒకటి, ప్లాస్టిక్ గొట్టం ఒకటి తొట్టిపక్కన ఉన్నాయి. ఆయన వాటిని చూసి చూడనట్టు దాటి, కుర్చీని కిటికీవైపు తిప్పించుకున్నారు.

"ప్రక్రియ జరుగుచున్నంతసేపు సాక్షి అధికారి చంద్రుని దిక్కునకు అభిముఖుడై ఉండవలెను," అన్నారు.

అమావాస్య కనుక చంద్రుడు కనిపించడు. కిటికీలోంచి పాలబూతు కనిపిస్తుంది. ఆయన దాన్ని రెప్పవేయకుండా చూశారు. నేను గొట్టం నోటితో పీల్చి, కిందికి వదిలాను.

"ఆటు!" అని అప్పలసూరి కేకవేశాడు. ఆఫీసులో సదానందంగారి బల్లమీద గంట మోగి ఉంటుంది. దాని ముందు ఎవరూ లేరు. పావుగంటకు ఒక బకెట్ నిండింది. రెండో బకెట్ ఎత్తి, చెంబుతో నెమ్మదిగా పోశాను.

"పోటు!"

మట్టం గీతకు చేరింది. సదానందంగారు వెనక్కు తిరిగి, గీత చూసి, రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. "ప్రకృతి," అన్నారు గద్గదస్వరంతో, "ప్రకృతిని మించిన యంత్రాంగము లేదు." మంగతాయారు అందరికీ వేడివేడిగా ఎండుచేపలు (శాకాహారం) వేయించి పెట్టింది.

వేట నిషేధం జూన్ మధ్యలో తొలగింది. అప్పటికి మూడు పోట్లు పడ్డాయి. మరపడవ లక్కసీలు విప్పుకుని గాజు తుడిచింది. అయిదారు రోజుల తరువాత, నేను పేపరు చదువుతుండగా, "ఏమండీ," అని పిలిచింది మంగతాయారు. ఒక్క మాటే. వెళ్లి చూశాను. మైనంపొర ఊడి నీటిలో తేలుతోంది. గొడుగు లేచి నిలబడింది. అంచున నాలుగైదు కాడలు, పచ్చగా, బియ్యపుగింజంత పొడవున, బయటికి వచ్చి ఊగుతున్నాయి.

ఆ తరువాత జరిగినది నేను ఊహించకపోవడం నా తప్పు. సంస్థ తన వార్షిక సంచికలో నా ధ్రువీకరణ పత్రాన్ని, సంతకంతో సహా, రంగుల్లో అచ్చువేసింది. అది దైవజ్ఞ వామనశర్మగారి కంట పడింది. ఆయన, నేను పాతికేళ్లుగా సభల్లో తలపడ్డవాళ్లం. ఆయన ఒక కరపత్రం వేశారు. బిందె పట్టుకుని ఊరూరా తిరిగిన మన మాస్టారే స్వహస్తాలతో ధ్రువీకరించారు: నూట ఇరవై లీటర్ల నీటిలో చంద్రుడి వల్ల పన్నెండు లీటర్లు కదులుతుందని. మనిషి ఒంట్లో నీరు నలభై రెండు లీటర్లు. కావున అమావాస్యనాడు ప్రతి మనిషిలోనూ నాలుగు లీటర్ల రెండువందల మిల్లీలీటర్లు ఎగసిపడుతుంది. లెక్క తప్పని ఎవరైనా నిరూపించగలరా?

నేను కాగితం, పెన్సిలు తీసుకుని చూశాను. లెక్కలో తప్పు లేదు.

ఆగస్టులో పౌర్ణమినాడు ఒక జూనియర్ కళాశాలవారు బిందె ఉపన్యాసానికి పిలిచారు. వద్దనడానికి కారణం దొరకలేదు. రెండువందల పదమూడో సభ. బిందె అంచుదాకా నింపి, గంటసేపు మాట్లాడాను. ఒక్క చుక్క ఒలకలేదు. పందెం మాట మాత్రం ఎత్తలేదు. కాయడానికి ఏమీ మిగల్లేదు. ప్రశ్నలడగమన్నాను. రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. చేతిలో కరపత్రం ఉంది.

"సార్, ఈ బిందెలో నీళ్లు కదల్లేదు. మరి మీ ఇంట్లో తొట్టిలో పన్నెండు లీటర్లు ఎలా కదిలాయండి? కింద సంతకం మీదేనా?"

ప్రిన్సిపాలుగారు గొంతు సవరించుకున్నారు. నేను నా పైపెదవి తడుముకున్నాను.

"నాదేనమ్మా."

"అయితే చంద్రుడి వల్లే కదిలాయాండి?"

"కాదు తల్లీ. సంతకం వల్ల."

ఆ అమ్మాయి నోటుపుస్తకం తెరిచి రాసుకోబోయి, ఆగి, నా వంక అనుమానంగా చూసింది. ఆ చూపు నాకు నచ్చింది. ఇది నమ్మనక్కర్లేదని, సెలవుల్లో వచ్చి బకెట్లు స్వయంగా చూసుకోవచ్చని చెప్పి, బిందె నీళ్లు మొక్కలకు పోసి, బస్సెక్కాను.

దారిలో ట్రాఫిక్ అడ్డుపడి, ఇల్లు చేరేసరికి ఏడు దాటింది. తలుపు తీసే ఉంది. తొట్టిలో దీపం వెలుగుతోంది; గొడుగు నిండుగా విచ్చుకుని ఊగుతోంది. అప్పలసూరి రిజిస్టరు తెరిచి, పెన్ను చెవిమీద పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. మంగతాయారు కుర్చీ పక్కన రెండు బకెట్లు, గొట్టం ఉన్నాయి.

"ఎంతసేపండీ!" అంది, కిటికీవైపు గడ్డం చూపిస్తూ. పాలబూతు మీద గుండ్రంగా, పసుపుగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. "ఆయన ఎప్పుడనగా వచ్చేశాడు. మీదే ఆలస్యం."

నేను చొక్కా చేతులు మడిచి, గొట్టం అందుకున్నాను.